క్రాస్ ప్లాట్‌ఫామ్ యాప్‌లలో చాట్ – చరిత్ర

ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఐఫోనులోనూ నడిచే యాప్‌ను క్రాస్ ప్లాట్‌ఫామ్ యాప్ అంటారు. వాడేవాళ్లు ఆ యాప్ దాటి బయటికి పోకుండా ఒకరితో ఒకరు గానీ, ఏదైనా సంస్థతో గానీ, యంత్రంతో గానీ సందేశాలు ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు అందులోని చాట్. పైకి కనిపించేది సందేశాల వరస, కింద రాసుకునే పెట్టె, పంపే బటన్ మాత్రమే. లోపల మాత్రం సందేశం అవతలి ఫోనుకు చేరాలి, యాప్ మూసి ఉన్నా వచ్చినట్టు తెలియాలి, వచ్చిన అక్షరం విరగకుండా తెరపై కనబడాలి. మొదటి రెండు పనులకు దొరికిన దారులు అన్ని భాషలకూ ఒక్కటే. మూడోది తెలుగు, గోండి వంటి భాషలను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. రాత అలవాటు లేని చోట అక్షరం బదులు గొంతే ముందుకొచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో బీజాపూర్ జిల్లా ఉన్న బస్తర్ ప్రాంతంలో జరిగింది అదే.

వేర్వేరు యంత్రాల మధ్య చాట్‌కు ఒక ఉమ్మడి పద్ధతి 1999లో జెరెమీ మిల్లర్ మొదలుపెట్టిన జాబర్‌తో వచ్చింది. 2004లో అది ఎక్స్‌ఎంపీపీ పేరుతో ఇంటర్నెట్ ప్రమాణమైంది. 2009లో పుట్టిన వాట్సాప్ ఆ దారిలోనే నడిచి, ఈజాబర్డ్ అనే సర్వర్‌ను తనకు తగ్గట్టు మార్చుకుంది. యాప్ మూసి ఉన్నా సందేశం వచ్చినట్టు తెలిపే యాపిల్ పుష్ నోటిఫికేషన్లు మొదలైందీ ఆ ఏడాదే. సర్వర్‌ను మాటిమాటికీ అడగకుండా ఒకే కనెక్షన్ తెరిచి ఉంచుకునే వెబ్‌సాకెట్ 2011 డిసెంబరులో ప్రమాణంగా వెలువడింది.

క్రాస్ ప్లాట్‌ఫామ్ పనిముట్లలో తొలితరానికి చెందిన ఫోన్‌గ్యాప్ 2009లో వచ్చింది. వెబ్ పేజీనే యాప్‌లా చూపే ఆ పద్ధతిలో, పొడవాటి సందేశాల వరసను వేలితో జరిపితే తెర తడబడేది. ఫేస్‌బుక్ 2015లో విడుదల చేసిన రియాక్ట్ నేటివ్ ఫోనుకు సొంతమైన బటన్లు, పెట్టెలనే వాడుకుంటుంది. 2018 డిసెంబరులో మొదటి స్థిర రూపం అందుకున్న గూగుల్ ఫ్లట్టర్ తెరపై ప్రతి గీతనూ తానే గీస్తుంది. నేటి క్రాస్ ప్లాట్‌ఫామ్ చాట్‌లలో ఎన్నో ఈ రెండింటితో కట్టినవే.

సర్వర్ వైపు పని తేలికైన కథ ఆసక్తికరమైనది. జేమ్స్ టాంప్లిన్, ఆండ్రూ లీ అనే ఇద్దరు ఎన్వాల్వ్ పేరుతో వెబ్‌సైట్లకు చాట్ సేవ అందించేవారు. కొందరు డెవలపర్లు అందులో మాటలు కాక ఆటల స్థితిగతుల వంటి సమాచారం పంపుకోవడం వాళ్లు గమనించారు. ఆ సమాచారాన్ని అప్పటికప్పుడు అందరికీ చేరవేసే భాగాన్ని విడదీసి 2012లో ఫైర్‌బేస్‌గా తెచ్చారు. 2014లో గూగుల్ దాన్ని కొనేసింది. సొంత సర్వర్ పెట్టుకునే స్తోమత లేని చిన్న బృందాలు కూడా ఆ తర్వాత తమ యాప్‌లలో చాట్ పెట్టుకోగలిగాయి.

చాట్ తెర కట్టడంలో అసలు నైపుణ్యం నెట్ సరిగా లేని చోట తెలుస్తుంది. సందేశాన్ని ముందు ఫోనులోనే దాచి, ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇచ్చి, వెంటనే తెరపై చూపుతారు. సిగ్నల్ వచ్చాక సర్వర్‌కు పంపుతారు. మధ్యలో తెగి మళ్లీ పంపినా ఆ సంఖ్య వల్ల అదే సందేశం రెండుసార్లు పడదు. వరసను తలకిందులుగా పేర్చడం మరో ఉపాయం. తాజా మాటే జాబితాలో మొదటిది కాబట్టి, తెరవగానే కింద అదే కనిపిస్తుంది.

అక్షరం దగ్గర తెలుగువాళ్లు పడ్డ కష్టం వేరు. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు. సంకేతాలు లెక్కపెట్టి సందేశాన్ని మధ్యలో కోసే యాప్ అక్షరాన్నే విరిచేస్తుంది. 2018 ఫిబ్రవరిలో ఇంతకంటే పెద్ద చిక్కు వచ్చింది. ‘జ్ఞా’ను రాసే సంకేతాల మధ్య, గుణింతానికి ముందు, కనిపించని విడదీత గుర్తు ఒకటి చేరితే చాలు, ఆ సందేశం అందుకున్న ఐఫోనులో యాప్ కుప్పకూలేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే స్తంభించేది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని కూర్పులకూ అదే గతి పట్టింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో యాపిల్ దాన్ని సరిదిద్దింది. అక్షరాలు గీసే పనిని ఫోనుకే వదిలిన యాప్, తన కోడ్‌లో తప్పేమీ లేకపోయినా, ఇలాంటి లోపాన్ని తప్పించుకోలేదు.

అక్షరం బదులు గొంతు ముందుకొచ్చిన బీజాపూర్ 2007లో దంతెవాడ నుంచి విడిపోయి జిల్లా అయింది. హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగా వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి ఈ జిల్లాలోని భోపాలపట్నం చేరుతుంది. ఆ వైపు తెలుగు వినిపిస్తుంది. జిల్లాలో గోండి, దోర్లి, హల్బీ మాట్లాడేవారున్నారు. ఇంటర్నెట్ అందని పల్లెలకు యాప్ చాట్ పనికిరాదు. బీబీసీలో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి 2010లో మొదలుపెట్టిన సీజీనెట్ స్వర ఈ లోటును మామూలు ఫోన్ కాల్‌తో పూడ్చింది. మిస్డ్ కాల్ ఇస్తే సర్వర్ తిరిగి ఫోన్ చేస్తుంది. ఒకటి నొక్కితే మాట రికార్డు చేయవచ్చు, రెండు నొక్కితే ఇతరులు చెప్పినవి వినవచ్చు. చెడిపోయిన చేతిపంపు గురించి, అందని కూలి డబ్బుల గురించి జనం తమ భాషలోనే చెప్పుకున్నారు. సర్వర్ దాచిన సందేశాన్ని అవతలివారు తీరికగా అందుకోవడం చాట్ లక్షణమే కాబట్టి, స్వరను చాట్ చరిత్రలో చేర్చడం న్యాయం. తర్వాత అదే బృందం బుల్టూ రేడియో పేరుతో, ఆ రికార్డులు బ్లూటూత్ ద్వారా ఒక ఫోను నుంచి మరో ఫోనుకు చేరేలా చూసింది. అక్షరం రానివారి కోసం, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌తో కలిసి, రాసిన గోండిని చదివి వినిపించే ఆదివాసీ రేడియో యాప్ కూడా తయారైంది.

గోండి మాట్లాడేవారు 2011 జనగణన ప్రకారం సుమారు 29.8 లక్షలు. వారి లిపులలో మసారం గోండి 2017లోనూ, ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల వల్ల వెలుగుచూసిన గుంజాల గోండి 2018లోనూ యూనికోడ్‌లో చేరాయి. ఈ అక్షరాలు యూనికోడ్ మొదటి తలానికి, అంటే చాలా భాషల అక్షరాలుండే మొదటి భాగానికి, బయట ఉన్నాయి. జావాస్క్రిప్ట్‌తో నడిచే రియాక్ట్ నేటివ్‌లో ఒక్కోటి రెండు యూనిట్లుగా లెక్కకొస్తుంది. కనుక సందేశం పొడవుకు పరిమితి పెట్టేటప్పుడు దీన్ని గమనించకపోతే గోండి రాసేవాడికి సగం చోటే మిగులుతుంది.

ఈ మధ్య ప్రభుత్వాలూ చాట్ వైపు మళ్లాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర అనే ఏర్పాటును 161 సేవలతో వాట్సాప్‌లో ప్రారంభించింది. జనం చేతిలో అప్పటికే ఉన్న చాట్‌లోకే సేవలను తీసుకెళ్లిన పద్ధతి ఇది. అదే ఏడాది సెప్టెంబరు 1న, చాట్ కాకపోయినా భాషల అడ్డు తగ్గించేలా, కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఆది వాణి అనే అనువాద యాప్‌ను విడుదల చేసింది. ఐఐటీ ఢిల్లీ నాయకత్వంలో బిట్స్ పిలానీ, హైదరాబాద్, నవ రాయ్‌పూర్ ట్రిపుల్ ఐటీలు కలిసి చేసిన పని ఇది. సంతాలీ, భీలీ, ముండారీలతో పాటు గోండి కూడా అందులో ఉంది. రాతను రాతగానే కాదు, మాటను మాటగా కూడా అది అనువదిస్తుంది.