కుక్క వాసన పోగొట్టే బాటిల్ పుట్టింది కుక్క మలంలోంచే

ఈరోజు టాపిక్ వినగానే కొంతమంది ముక్కు మూసుకుంటారు. పర్లేదు, మూసుకునే వినండి.

కుక్క ఉన్న ఇంట్లో వాసన రాకుండా ఎలా ఉంచుకోవాలి? ఇది చాలామందికి ఉన్న ప్రాబ్లం. టిప్స్ చివర్లో చెప్తాను, ముందు హిస్టరీలోకి వెళ్దాం. ఎందుకంటే పెట్ షాప్‌లో "ఎంజైమ్ క్లీనర్" అని ఒక బాటిల్ అమ్ముతారు చూడండి, కుక్క ఉచ్చ మరక మీద స్ప్రే చేసేది. దాని వెనక ఒక వింత కథ ఉంది. ఈ టెక్నాలజీ ల్యాబ్‌లో ఎవరో ఖాళీగా కూర్చుని కనిపెట్టింది కాదు. లండన్ వీధుల్లో బకెట్లతో ఎత్తిన కుక్క మలం దగ్గర మొదలైంది. ఆ కథ తెలిస్తే ఏ టిప్ పనిచేస్తుందో, ఏది చెయ్యదో మీకే అర్థమైపోతుంది.

ముందు మన సంగతి. మన ఊళ్లలో కుక్క ఎక్కడ ఉండేది? వాకిట్లో, అరుగు కింద, పెరట్లో, పశువుల కొట్టం దగ్గర. ఇంట్లో అన్నం తినేది, కానీ గడప దాటి లోపలికి వచ్చేది కాదు. ఉచ్చ పోస్తే మట్టి పీల్చుకునేది, మిగిలింది ఎండ చూసుకునేది. అంటే క్లీనింగ్ సిస్టమ్ అంతా ప్రకృతే నడిపించేది. ఇప్పుడేమైంది? అదే కుక్కని రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌లోకి తెచ్చాం. మట్టి బదులు సోఫా, ఎండ బదులు ఏసీ. కుక్క మారలేదు, దాని చుట్టూ ఇల్లు మారింది.

ఇక 1851కి వెళ్దాం. హెన్రీ మేహ్యూ అనే జర్నలిస్ట్ లండన్‌లో పేదవాళ్లు ఏ పనులు చేసి బతుకుతున్నారో తిరిగి తిరిగి రాశాడు. అందులో ఒక వృత్తి పేరు "ప్యూర్ ఫైండర్". ప్యూర్ అంటే శుద్ధమైనది అనే కదా! కానీ అక్కడ ప్యూర్ అంటే కుక్క మలం. ఎందుకా పేరు అంటే, తోలుని శుద్ధి చేయడానికి వాడేవాళ్లు కాబట్టి. వీధి వీధి తిరిగి కుక్క మలం ఏరి, బెర్మండ్సీ అనే ఏరియాలో ఉన్న తోళ్ల కార్ఖానాలకి అమ్మేవాళ్లు. బకెట్‌కి 8 నుంచి 10 పెన్నీలు, మంచి రకమైతే షిల్లింగ్ పైనే. మంచి రకం ఏంటి అంటారా? ఎండిపోయి సున్నంలా ఉండేదానికి రేటు ఎక్కువట. కొందరు తెలివిగా పాత గోడల సున్నం కలిపి కల్తీ కూడా చేసేవాళ్లు. మన దగ్గర పాలల్లో నీళ్లు కలిపినట్టు!

ఇంతకీ తోలుకి కుక్క మలం ఎందుకు? పచ్చి చర్మాన్ని ముందు సున్నం నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు తీస్తారు. దాంతో చర్మం ఉబ్బి బిగుసుకుపోతుంది. అలాగే వదిలేస్తే చెప్పు అడుక్కి పనికొస్తుందేమో గానీ, చేతి గ్లవ్స్‌కి, పుస్తకాల అట్టలకి కావాల్సిన మెత్తటి తోలు రాదు. అందుకని కుక్క మలం కలిపిన గోరువెచ్చటి నీళ్లలో దాన్ని నానబెట్టేవాళ్లు. చర్మం పట్టులా మెత్తబడేది. టైమింగ్ తప్పి ఎక్కువసేపు ఉంచితే తోలే పాడైపోయేది. ఎందుకు మెత్తబడుతోందో మాత్రం అప్పట్లో ఎవరికీ తెలీదు. మా భాషలో చెప్పాలంటే, కోడ్ రన్ అవుతోంది, ఎందుకు రన్ అవుతోందో టీమ్‌లో ఎవడికీ తెలీదు!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. బెర్మండ్సీ ఎక్కడుంది? థేమ్స్ నదికి దక్షిణం ఒడ్డున, అసలు సిటీకి అవతల. ఆ కంపు సంపన్నుల ముక్కుకి తగలకూడదు. కానీ ఆ తోలుతో చేసిన గ్లవ్స్ మాత్రం వాళ్ల చేతికే వెళ్లేవి. మన దగ్గర ఇంకా దారుణం. తోలు పని చేసిన మాదిగ కుటుంబాల్ని ఊరి బయట ఉంచి, వాళ్లు చేసిన చెప్పులు, డప్పులు, మోట బావి తోలు తిత్తులు ఊరంతా వాడుకుంది. వాసనని పనికి కాకుండా మనిషికి అంటగట్టాం. వాసన చరిత్ర అంటే చాలావరకు ఆ వాసనని ఎవరి మీదకి తోసేశారు అనే చరిత్రే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మన ఫ్లాట్‌లోకి వచ్చినప్పుడు అవసరం అవుతుంది.

సరే, ఇప్పుడు సైన్స్. ఇంగ్లాండ్‌లో నాటింగ్‌హామ్‌కి చెందిన జోసెఫ్ టర్నీ వుడ్ తోలు పరిశ్రమలో పనిచేసేవాడు. ఈ మలం ప్రాసెస్ మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, 1912లో దీని మీదే ఒక పూర్తి పుస్తకం వేశాడు. తేలిందేంటంటే, పనిచేసేది మలం కాదు. అందులో ఉన్న బ్యాక్టీరియా, ఎంజైములు. ఎంజైమ్ అంటే స్కూల్లో చదివాం కదా, పెద్ద అణువుని చిన్న ముక్కలుగా కత్తిరించే కత్తెర. మన కడుపులో పప్పుని, మాంసాన్ని అరిగించేవి ఇవే. కుక్క కడుపులోంచి వచ్చిన ఎంజైములు చర్మంలో అక్కర్లేని ప్రోటీన్లని అరిగించేస్తున్నాయి. అందుకే తోలు మెత్తబడుతోంది.

ఇదే టైమ్‌లో జర్మనీలో ఇంకో మనిషి ఎంటర్ అయ్యాడు, ఒట్టో రోమ్. కెమిస్ట్. కుక్క మలం లేకుండా ఈ పని చేయించలేమా అని ఆలోచించాడు. జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైములకి అమ్మోనియం లవణాలు కలిపి ఒక పౌడర్ తయారుచేశాడు, పేరు ఓరోపాన్. 1907లో ఫ్రెండ్ ఒట్టో హాస్‌తో కలిసి రోమ్ అండ్ హాస్ కంపెనీ పెట్టాడు. మరుసటి ఏడాదికల్లా ఓరోపాన్ మార్కెట్లోకి వచ్చేసింది. తోళ్ల కార్ఖానాల్లోంచి కుక్క మలం మెల్లగా మాయమైంది.

రోమ్ అక్కడితో ఆగలేదు. చర్మంలో ప్రోటీన్‌ని అరిగించే ఎంజైమ్, బట్ట మీద ప్రోటీన్ మరకని ఎందుకు అరిగించదు? రక్తం, చెమట, పాలు, గుడ్డు, ఇవన్నీ ప్రోటీన్ మరకలే కదా! 1913లో పేటెంట్ తీసుకుని, ఆ తర్వాత బర్నస్ అనే పేరుతో బట్టలు నానబెట్టే ప్రోడక్ట్ అమ్మాడు. ప్రపంచంలో మొదటి ఎంజైమ్ డిటర్జెంట్ అదే. ఒక ఇబ్బంది ఉంది. సబ్బు నీళ్లు ఘాటుగా ఉంటాయి, క్లోమం ఎంజైమ్ అందులో ఎక్కువసేపు నిలబడదు. ఆ చిక్కు విడిపోవడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. 1960లలో డెన్మార్క్‌కి చెందిన నోవో కంపెనీ, బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా నుంచి తీసిన ఆల్కలేజ్ అనే ఎంజైమ్‌ని అమ్మడం మొదలుపెట్టింది. సబ్బు నీళ్లలో కూడా గట్టిగా పనిచేసే ఎంజైమ్ అది. ఇవాళ మీ వాషింగ్ మెషీన్ పౌడర్‌లో ఉన్న ఎంజైములైనా, పెట్ షాప్‌లో ఉన్న బాటిలైనా ఈ వంశానివే. బకెట్‌లో కుక్క మలం నుంచి, కుక్క మరక తీసే స్ప్రే దాకా వచ్చిందన్నమాట!

ఇప్పుడు రెండో దారి చూద్దాం: ఫినాయిల్. 1858 వేసవిలో లండన్‌లో థేమ్స్ నది కంపు తట్టుకోలేక పార్లమెంట్‌లోనే కూర్చోలేని పరిస్థితి వచ్చింది. దానికి గ్రేట్ స్టింక్ అని పేరు పెట్టారు. ఆ రోజుల్లో చాలామంది నమ్మకం ఏంటంటే చెడు వాసనే జబ్బు తెస్తుందని. తర్వాత, బొగ్గు తారు నుంచి తీసే కార్బాలిక్ ఆసిడ్‌ని కార్లైల్ అనే ఊళ్లో మురుగునీటి కంపు తగ్గించడానికి వాడుతున్నారని సర్జన్ జోసెఫ్ లిస్టర్ విన్నాడు. 1865లో దాన్ని గాయాల మీద వాడి, చీము పట్టకుండా ఆపగలిగాడు. 1877లో జాన్ జేస్ అనే ఆయన తారు నుంచి చేసిన క్రిమినాశక ద్రవానికి పేటెంట్ తీసుకున్నాడు. హాస్పిటల్, రైల్వే స్టేషన్, స్కూలు, అన్నిచోట్లా ఈ ఘాటు వాసన పాకింది. దాంతో మన బుర్రలో ఒక ఈక్వేషన్ సెట్ అయిపోయింది: ఘాటు వాసన వస్తే క్లీన్ అయినట్టు.

ఈ ఈక్వేషనే మన కొంప ముంచుతోంది. ఫినాయిల్ పని క్రిముల్ని చంపడం. సోఫా స్పాంజ్‌లోకి ఇంకిపోయిన ఉచ్చని అది ముక్కలు చేయదు. పైన ఒక ఘాటు లేయర్ వేస్తుంది అంతే. ఎర్రర్ మెసేజ్‌ని స్క్రీన్ మీద కనపడకుండా దాచేసినట్టు. ఘాటు తగ్గాక కింద బగ్ అలాగే ఉంటుంది.

అసలు ఆ కంపు ఎక్కడిది? తాజా ఉచ్చకి పెద్దగా వాసన ఉండదు. అందులో యూరియా ఉంటుంది. నేల మీద, బట్టలో ఉన్న బ్యాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైమ్‌తో ఆ యూరియాని కత్తిరించి అమ్మోనియా చేస్తాయి. ముక్కు మండేది దానివల్లే. ఈ యూరియేజ్‌ని 1926లో అమెరికాలో జేమ్స్ సమ్నర్ జాక్ బీన్ అనే చిక్కుడు జాతి గింజల్లోంచి స్ఫటికాలుగా తీసి, ఎంజైమ్ అంటే ప్రోటీనే అని చూపించాడు. పదిహేడేళ్లప్పుడు వేటలో జరిగిన ప్రమాదంలో ఎడమ చెయ్యి పోయిన మనిషి, అదీ ఎడమచేతి వాటం ఉన్నవాడు. ఒంటిచేత్తో ల్యాబ్‌లో పనిచేసి 1946లో నోబెల్ అందుకున్నాడు. అంటే చూడండి, కంపు పుట్టించేదీ ఎంజైమే, కంపుని తీసేదీ ఎంజైమే. ఎవరు ముందు చేరుకుంటారన్నదే గేమ్.

ఇప్పుడు టిప్స్. ఇవన్నీ ఆ హిస్టరీలోంచి వచ్చినవే.

ఒకటి, టైమ్. మరక తాజాగా ఉన్నప్పుడే పాత గుడ్డతో ఒత్తి పీల్చేయండి. రుద్దితే ఇంకా లోపలికి పోతుంది. తర్వాత నీళ్లు పోసి మళ్లీ ఒత్తండి. యూరియా పోతే అమ్మోనియా పుట్టడానికి సరుకే ఉండదు.

రెండు, ఎంజైమ్ క్లీనర్ స్ప్రే చేసి వెంటనే తుడిచేయకండి. తోళ్లని కూడా నానబెట్టేవాళ్లు గుర్తుందా? ఎంజైమ్‌కి తడి కావాలి, టైమ్ కావాలి. బాటిల్ మీద ఎంతసేపు అని రాసుంటే అంతసేపు తడిగా ఉంచండి. మరుగుతున్న నీళ్లు వద్దు, వేడికి ఎంజైమ్ చెడిపోతుంది. ముందే ఫినాయిల్ కొట్టి దాని మీద ఎంజైమ్ పోసినా దండగే అవ్వొచ్చు.

మూడు, తోలు సోఫా, పట్టుబట్ట, ఉన్ని కార్పెట్ మీద జాగ్రత్త. ఇవి మూడూ ప్రోటీన్లే. మరకని అరిగించే కత్తెర వాటిని కూడా కత్తిరించగలదు. ముందు కనపడని మూల టెస్ట్ చేయండి.

నాలుగు, ఇది సేఫ్టీ మేటర్. ఉచ్చ మీద బ్లీచ్ పోయకండి. బ్లీచ్, అమ్మోనియా కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువు వస్తుంది. బ్లీచ్‌ని బాత్రూమ్ యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపులు మూసిన ఏసీ రూమ్‌లో ఇది ఆటలు కాదు. ఫినాయిల్ తడి మీద నడిచిన కుక్క ఆ పాదాలే నాకుతుందని కూడా గుర్తుపెట్టుకోండి. అందులోని రసాయనాలు దాని కడుపులోకి పోవడం మంచిది కాదు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఇంకా ప్రమాదం.

ఐదు, పడక. కుక్క ఒంటి నూనె, చుండ్రు, చొంగ అంతా దాని పరుపులోనే చేరుతుంది. కవర్ వారానికోసారి ఉతకండి, పరుపు ఎండలో వేయండి. మన ఊరి వాకిలి చేసిన పని ఫ్లాట్‌లో బాల్కనీ చేయాలి. చెవుల్లోంచి, నోట్లోంచి, తోక కింద నుంచి ఉన్నట్టుండి ఘాటైన వాసన వస్తే అది క్లీనింగ్ ప్రాబ్లం కాదు, వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఆరు, మీ ముక్కుని నమ్మకండి. రోజూ అదే వాసనలో ఉంటే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. బయట నుంచి వచ్చిన ఫ్రెండ్‌ని మొహమాటం లేకుండా చెప్పమనండి.

చివరిగా, ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట. మన ఇంట్లో కుక్క వాసన ఎవరి మీద పడుతోంది? చాలా ఇళ్లలో పనికి వచ్చే అక్క మీద. కుక్కని మనం ఒళ్లో పెట్టుకుని సెల్ఫీ దిగుతాం, దాని ఉచ్చ ఆమె తుడవాలి. అదీ ఏ గ్లవ్స్ లేకుండా, ఘాటు ఫినాయిల్ పీలుస్తూ. బెర్మండ్సీ లాజిక్ ఇంకా మన హాల్లోనే నడుస్తోందన్నమాట. మీ కుక్క చేసిన మరక మీరే తుడవండి. మీరు ఇంట్లో లేనప్పుడు ఆమె తుడవాల్సి వస్తే గ్లవ్స్ ఇవ్వండి, ఆ పనికి డబ్బులు కలిపి ఇవ్వండి.

వాసన పడే రెండోవాళ్లు కుక్కే. పక్క ఫ్లాట్ వాళ్లు కంప్లైంట్ చేశారని, ఓనర్ ఖాళీ చేయమన్నాడని, పెంచిన కుక్కని తీసుకెళ్లి రోడ్డు మీద వదిలేసే మనుషులున్నారు. పెంపుడు జంతువుని అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు పెంపుడు కుక్కల్ని నిషేధించడానికి వీల్లేదని యానిమల్ వెల్ఫేర్ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ రూల్ చూపించి గొడవ పడటం కంటే ముందు ఇల్లు క్లీన్‌గా ఉంచుకుంటే, మీ కుక్క తరఫున మీరు గట్టిగా మాట్లాడగలరు.

ఇంట్లో కుక్కపిల్లని తెచ్చుకోవాలనుకుంటున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, తెచ్చుకోకముందే ఈ ఎపిసోడ్ పంపించండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా ఆ పరుపు కవర్ ఉతికేయండి. బై!