ఠాణా నుంచి గడప దాకా: కోనసీమలో మానసిక ఆరోగ్య ప్రణాళికల చరిత్ర

గౌతమి, వశిష్ఠ పాయల నడుమ, వైనతేయం మధ్యగా చీల్చుకుపోయే డెల్టా నేలలో అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలను కలిపి కోనసీమ అంటారు. ఇక్కడి ప్రజల మానసిక ఆరోగ్యానికి సంబంధించి ప్రభుత్వం చేసిన ఆలోచనకు నూటయాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉన్నా, అందులో మొదటి నూరేళ్లకు పైగా నివారణ అనే భావనకు చోటే లేదు. వైద్య పరిభాషలో నివారణ అంటే జబ్బుకు దారితీసే కారణాలను ముందుగానే తగ్గించడం. తొలిదశ చికిత్స అంటే లక్షణాలు ముదరకముందే, మనిషి తన పనికీ కుటుంబానికీ దూరం కాకముందే గుర్తించి ఆదుకోవడం. ఈ రెండింటి జాడ వెతికితే అది ఆసుపత్రి దస్త్రాలలో కంటే తుపాను సహాయం, వ్యవసాయం, ఉద్యానం, విద్య వంటి శాఖల దస్త్రాలలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తర సర్కారు జిల్లాల కోసం 1871 ప్రాంతంలో వాల్తేరులో పిచ్చాసుపత్రి ఏర్పడింది. కోనసీమతో సహా గోదావరి జిల్లా వాసులకు అదే దిక్కు. అయితే అక్కడికి దారి వైద్యుడి గది గుండా కాక పోలీసు ఠాణా గుండా సాగేది. 1858 నాటి చట్టం, దాని స్థానంలో వచ్చిన 1912 నాటి భారత ఉన్మాద చట్టం ప్రకారం, మతిస్థిమితం లేక వీధుల్లో తిరిగేవారిని పోలీసులు పట్టుకొని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆయన వైద్యాధికారి చేత పరీక్ష చేయించి, ఉత్తర్వు ఇస్తేనే ఆసుపత్రిలో ప్రవేశం. ఇంటివారే చేర్పించదలిస్తే అర్జీతో పాటు ఇద్దరు వైద్యుల ధ్రువపత్రాలు జతచేయాలి. తనంతట తానుగా చేరాలనుకునే రోగికి సైతం ఆసుపత్రి సందర్శకులుగా నియమితులైనవారిలో ఇద్దరి అంగీకారం కావాలి. ఈ నిబంధనలను వరుసగా చదివితే చట్టకర్తల దృష్టిలో ఉన్నది రోగి బాధ కాదనీ, రోగి వల్ల ఊరికి కలిగే ఇబ్బంది అనీ తేలిపోతుంది. జబ్బు ముదిరి, మనిషి వీధిన పడి, ఇతరులు భయపడిన తరువాతే ప్రభుత్వం కదిలే ఏర్పాటు అది.

దూరం ఈ కష్టానికి తోడయింది. కోస్తా రైలుమార్గం 1890లలో పడినా, రాజమండ్రి వద్ద గోదావరిపై రైలు వంతెన 1900లో తెరుచుకున్నా, కోనసీమ లోపలికి మాత్రం నేటికీ రైలు రాలేదు. కాలువల్లో పడవలు, రేవులు దాటించే పంట్లు, ఆపైన రైలు ఎక్కి వాల్తేరు చేరవలసిన రోగిని తీసుకువెళ్లడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు గనుక, అత్యధికులు ఇంటిలోనో, గుడి ఆవరణలోనో, భూతవైద్యుడి ముంగిట్లోనో ఉండిపోయారు. గాలి సోకిందనీ, చేతబడి జరిగిందనీ చెప్పుకొనే ఆ వైద్యాన్ని మూఢనమ్మకంగా కొట్టిపారేయడం తేలికే. కానీ లక్షణాలు కనిపించిన కొద్ది రోజులకే, నడిచి వెళ్లగలిగే దూరంలో, రోగిని కుటుంబం నుంచి విడదీయకుండా ఎవరో ఒకరు పలకరించే ఏర్పాటు అప్పట్లో అదొక్కటే. ఆ వైద్యంలో జరిగిన హింస ఎంత నిజమో, ప్రభుత్వం అంత దగ్గరగా మరొకటి పెట్టలేకపోవడమూ అంతే నిజం.

స్వాతంత్ర్యానికి ముందు ఏడాది వెలువడిన భోర్ కమిటీ నివేదిక, దేశం మొత్తం మీద మానసిక రోగులకు పదివేల పైచిలుకు పడకలు మాత్రమే ఉన్నాయని తేల్చి, కేంద్రంలోనూ రాష్ట్రాలలోనూ మానసిక ఆరోగ్యానికి ప్రత్యేక విభాగాలు ఉండాలని సూచించింది. ఆ సూచన కాగితం దాటడానికి దశాబ్దాలు పట్టింది. 1975 తరువాత చండీగఢ్ వైద్యులు రాయ్‌పూర్ రాణిలోనూ, బెంగళూరు వైద్యులు సకలవారలోనూ చేసిన ప్రయోగాలు, సాధారణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బందికి కొద్దిపాటి శిక్షణ ఇస్తే తీవ్రమైన మానసిక వ్యాధులనూ మూర్ఛనూ వారు గుర్తించగలరని చూపాయి. దాని ఫలితంగానే 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 1985లో బళ్లారి జిల్లాలో నమూనా అమలు మొదలైంది. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పేరుతో దేశంలో నాలుగు జిల్లాలను ఎంచినప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి మెదక్‌కు చోటు దక్కింది.

అదే ఏడాది నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమను ఊడ్చిపెట్టింది. మృతులు, గల్లంతైనవారు కలిసి వెయ్యి దాటారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాలలో వేటకు వెళ్లినవారు తిరిగి రాలేదు. నేలకూలిన కొబ్బరి చెట్లకు లెక్క లేదు. ఈ ప్రాంతంలో కొబ్బరి చెట్టు ఒక పంట మాత్రమే కాదు. కూతురి పెళ్లికి తనఖా, ముసలితనానికి పింఛను, దింపు కార్మికుడికీ ఒలుపు కార్మికుడికీ కూలి, అంబాజీపేట వ్యాపారికి కురిడీ (ఎండు కొబ్బరి) సరుకు అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. దేశవాళీ పొడుగు రకం మొక్క నాటితే కాపు అందుకోవడానికి ఆరేడేళ్లు పడుతుంది గనుక, ఆ రాత్రి కలిగిన నష్టం ఆ రాత్రితో ముగియక, అప్పు తీరని ప్రతి ఏడాదీ మళ్లీ మళ్లీ ఎదురైంది. మనోవైద్య శాస్త్రం దృష్టిలో ఈ దీర్ఘకాలమే అసలు ప్రమాదకరమైన దశ: విపత్తు జరిగిన తొలి వారాల్లో కనిపించే భయం, నిద్రలేమి చాలామందిలో క్రమంగా తగ్గుతాయి, కానీ బతుకుతెరువు తిరిగి నిలబడని చోట, శవం దొరక్క కర్మకాండ కూడా పూర్తికాని ఇళ్లలో, దిగులు వ్యాధిగా స్థిరపడుతుంది. వేటకు వెళ్లి గల్లంతైనవాడి భార్యకు భర్త పోయాడని రుజువు కావలసి రావడం ఒక పక్క పరిహారం సమస్య, మరో పక్క మనోవ్యథ. దస్త్రం మొదటిదాన్ని మాత్రమే చూసింది.

అప్పటి సహాయ వ్యవస్థ ఇల్లు, పడవ, వల, పశువు, చెట్టు అన్న పద్దుల కింద లెక్కలు కట్టింది. ఆ మరుసటి ఏడాది ప్రపంచ బ్యాంకు రుణంతో రాష్ట్రంలో చేపట్టిన విపత్తు నివారణ, తుపాను పునర్నిర్మాణ పథకం రోడ్లు, షెల్టర్లు, ముందస్తు హెచ్చరికలపై దృష్టి పెట్టింది. మనసుకు అందులో వేరే పద్దు లేకపోయినా, ఈ పనులను మానసిక ఆరోగ్య చరిత్రలో చేర్చకపోవడం పొరపాటే అవుతుంది. హెచ్చరిక సకాలంలో అంది పడవ వేటకు వెళ్లకుండా ఆగితే, ఒక కుటుంబం జీవితాంతం మోయవలసిన శోకం ఆగినట్టే.

తుపానుకు ముందు 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండడం, 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా మరణించడం కోనసీమకు మరో రకం భయాన్ని పరిచయం చేశాయి. వరదకు రుతువు ఉంది, తుపానుకు హెచ్చరిక ఉంది. కాళ్ల కింద పైపు ఎప్పుడు పగులుతుందో చెప్పేవారు లేరు. ఈ రెండు ఘటనల మధ్య, 2009 డిసెంబరులో, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ విపత్తు వేళల్లో మానసిక, సామాజిక సహాయంపై మార్గదర్శకాలు వెలువరించింది. బాధితుల మాట వినడం, కుటుంబాలను ఒకచోట ఉంచడం, పిల్లలను త్వరగా బడికి పంపడం, అవసరమైనవారిని వైద్యుడి దగ్గరకు చేర్చడం వంటి పనులను తిండి, గుడ్డ, గూడులతో సమానంగా సహాయంలో భాగం చేయాలన్న ఆలోచన దేశస్థాయిలో అప్పటికి గానీ లిఖితరూపం దాల్చలేదు.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వరి నాట్లు మానేసినప్పుడు, రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసి కారణాలు విచారించింది. మురుగు పారుదల లేమి, పెట్టుబడి ఖర్చు, గిట్టని ధర, కూలీల కొరత అన్నీ చర్చకు వచ్చాయి. ఆత్మహత్యల ద్వారా కాక సమష్టి నిరసన ద్వారా రైతు నిస్పృహ బయటపడిన అరుదైన సందర్భంగా దీన్ని చూడవచ్చు. ఇక్కడి నుంచి కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లిన స్త్రీల ఒంటరితనం, వెనక ఉండిపోయిన పిల్లల దిగులు మాత్రం ఏ కమిటీ విచారణకూ నోచుకునేంత పెద్ద అంశంగా లెక్కకు రాలేదు.

నివారణ విషయంలో చట్టంలో మార్పు 2017లో వచ్చింది. ఆ ఏడాది పార్లమెంటు ఆమోదించగా, 2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 29వ సెక్షన్, మానసిక ఆరోగ్యాన్ని పెంపొందించే, మానసిక వ్యాధులను నివారించే కార్యక్రమాలను రూపొందించి అమలు చేయడం ప్రభుత్వాల విధి అని స్పష్టంగా పేర్కొంది. 115వ సెక్షన్ ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని, వేరే రుజువు లేనంతవరకు, తీవ్ర ఒత్తిడికి లోనైనవాడిగా భావించి శిక్ష నుంచి తప్పించింది, వారికి చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యతను ప్రభుత్వంపై పెట్టింది. అయితే ప్రణాళికకు ముందుగా కావలసింది లెక్క. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేకు ఎంపికైన 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు.

ఆ లోటు నడుమ చెప్పుకోదగిన పని ఒకటి వశిష్ఠకు అవతలి గట్టున, పశ్చిమ గోదావరి జిల్లాలో జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ పరిశోధకులు 2014 తరువాత అక్కడి 42 గ్రామాలలో, గిరిజన గ్రామాలతో సహా, స్మార్ట్ మెంటల్ హెల్త్ పేరుతో ఒక పద్ధతిని పరీక్షించారు. ఆశా కార్యకర్త చేతిలో ట్యాబ్ పెట్టుకొని ఇంటింటికీ వెళ్లి కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. దిగులు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల సూచనలు ఉన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికి పంపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ఆధారంగా ఏం చేయాలో వైద్యుడికి అతని ట్యాబ్ దారి చూపుతుంది. ఆ తరువాత రోగి మందు వాడుతున్నాడా, మళ్లీ వెళ్లాడా అన్నది ఆశా కనుక్కుంటుంది. దీనికి ముందు ఊరూరా కరపత్రాలు, వీడియోలు, నాటకాలతో మానసిక వ్యాధి పట్ల ఉన్న చిన్నచూపును తగ్గించే ప్రచారం సాగింది. ముప్పై గిరిజన గ్రామాల ఫలితాలలో, సమస్య ఉన్నట్టు తేలినవారిలో వైద్యం పొందినవారి శాతం 0.8 నుంచి 12.6కు పెరిగింది. పెరుగుదల గణనీయమే, కానీ మిగిలిన 87 శాతం మంది ఇంకా గడప దాటలేదన్న సంగతినీ అదే అంకె చెబుతుంది. భూతవైద్యుడికి ఒకప్పుడు ఉన్న సామీప్యం ఇప్పుడు ఆశా కార్యకర్తకు ఉంది; ఆమెకు ఇప్పటికే ఉన్న గర్భిణుల, టీకాల, సర్వేల పని మీద దీన్ని కూడా మోపితే ఎంతకాలం నిలుస్తుందన్నది ప్రణాళికాకర్తలు తప్పించుకోలేని ప్రశ్న.

2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి జిల్లాయే ప్రాతిపదిక కావడం వల్ల ఈ పాలనా మార్పునకు ప్రాముఖ్యం ఉంది. అదే ఏడాది అక్టోబరు 10న 14416 నంబరుతో టెలీ మానస్ మొదలై, పంటు దాటకుండానే, పేరు చెప్పకుండానే ఫోనులో సలహా పొందే వీలు కలిగింది. 2025 జూలైలో, విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు, నూరుమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలనీ, కలెక్టరు అధ్యక్షతన జిల్లా పర్యవేక్షక కమిటీ ఏర్పడాలనీ ఆదేశించింది. ఇంటర్మీడియట్ హాస్టళ్లకు పిల్లలను పంపడం ఆనవాయితీగా మారిన కోనసీమ కుటుంబాలకు ఇది నేరుగా తగిలే ఆదేశం.

2022 నవంబరులో వెలువడిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం, 2030 నాటికి ఆత్మహత్య మరణాలను పదిశాతం తగ్గించాలన్న లక్ష్యంతో పాటు, ప్రమాదకరమైన పురుగుమందుల అందుబాటును తగ్గించడాన్ని కూడా మార్గాలలో ఒకటిగా చేర్చింది. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన మందులను దశలవారీగా నిషేధించిన తరువాత ఆత్మహత్య మరణాలు బాగా తగ్గిన అనుభవం దీని వెనుక ఉంది. కొబ్బరి తోటల్లో నల్లతల గొంగళి పురుగుకు వేరు ద్వారా ఎక్కించమని ఒకప్పుడు సిఫారసు చేసిన మోనోక్రోటోఫాస్‌ను కేంద్రం 2023లో నిషేధించింది. ఆ పురుగును తినే పరాన్నజీవులను పెంచి తోటల్లో వదిలే పద్ధతి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అంతకు చాలా ముందు నుంచే నడుస్తోంది. విషం అందుబాటును తగ్గించే ఆ పని జమాఖర్చులు నేటికీ ఉద్యాన పద్దులోనే ఉన్నాయి.