పీపా లోపలి గాలి

1863లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ లూయీ పాశ్చర్‌కు ఒక పని అప్పగించాడు. దేశంలో తయారయ్యే వైన్ పుల్లబడి, చేదెక్కి, జిగటగా మారి పాడవుతోంది, కారణం కనిపెట్టాలి. పాశ్చర్ చిన్నప్పుడు పెరిగిన అర్బువా ఊళ్లోనే తాత్కాలికంగా ప్రయోగశాల పెట్టుకున్నాడు. తూర్పు ఫ్రాన్స్‌లో, జ్యురా కొండల అంచున ఉన్న ద్రాక్షతోటల ఊరు అది. పాల ప్యాకెట్ మీద మనం చదివే 'పాశ్చరైజ్డ్' అన్న మాటకు మూలం ఆ పరిశోధనే. దాని కీర్తి ముందు ఆయన తేల్చిన మరో సంగతి వెలవెలబోయింది.

వైన్‌కు గాలి తగిలితే చెడుతుందని తోటల వాళ్లందరికీ తెలుసు. పాశ్చర్ గాజు గొట్టాల్లో ఎర్ర వైన్ పోసి మూతులు కరిగించి మూసేశాడు. కొన్నింటిని అంచుదాకా నింపాడు, కొన్నింట్లో కాస్త గాలి వదిలాడు. నిండు గొట్టాల్లో వైన్ అలాగే ఉండిపోయింది. గాలి ఉన్నవాటిలో రంగు మారింది, అడుగున మడ్డి దిగింది. ముదరడమంటే ఆక్సిజన్‌తో నెమ్మదిగా జరిగే బేరమేనని ఆయన 1866లో వైన్ మీద అచ్చువేసిన పుస్తకంలో వాదించాడు. పీపా చెక్క గుండా గాలి కొద్దికొద్దిగా లోపలికి చేరుతుందన్నది అందులో ముఖ్యమైన మాట.

నిజానికి పీపాను ఎవరూ గాలి కోసం కనిపెట్టలేదు. రోమన్లు మట్టి ఆంఫొరాల్లో వైన్ మోసే కాలంలో నేటి ఫ్రాన్స్, ఉత్తర ఇటలీ ప్రాంతాల గాల్ జాతివాళ్లు చెక్క పీపాలు వాడేవారు. ఉత్తర ఇటలీలో ఇళ్లకన్నా పెద్ద చెక్క పాత్రలున్నాయని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు (ఎంత పెద్ద ఇళ్లో చెప్పలేదు). పీపా పగలదు, ఒక్క మనిషే దొర్లించుకుపోగలడు. ఓక్ చెక్కను నిప్పు సెగకు వంచవచ్చు, కారదు కూడా. రుచి సంగతి తర్వాత బయటపడిన లాభం.

పలకల సందుల్లోంచి, చెక్క రంధ్రాల్లోంచి, బిరడా తీసినప్పుడల్లా ఆక్సిజన్ చొరబడుతుంది. దానివల్ల ఆల్కహాల్ కొద్దిగా ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది. అది ద్రాక్ష రంగు పదార్థాలనూ వగరునిచ్చే టానిన్లనూ కలిపే వంతెన. అలా కలిసిన రంగు నిలుస్తుంది, నాలుకను పట్టేసే వగరు మెత్తబడుతుంది. మోతాదు మించితే ఎసిటిక్ బ్యాక్టీరియా విజృంభించి వైన్‌ను వెనిగర్ చేస్తుంది. అందుకే 225 లీటర్ల బోర్డో పీపా దగ్గర సగం పని గాలిని ఆపడమే. చెక్కలోంచి ఆవిరైపోయినంత వైన్‌ను పైనుంచి పోస్తూ ఉండాలి. ఆవకాయ మీద నూనె తేలేలా మనవాళ్లు చూసుకోవడంలోనూ ఉన్నది ఈ జాగ్రత్తే. ఇంత తంటా ఎందుకని 1991లో ఫ్రాన్స్‌లోని మాదిరాన్‌లో వైన్ తయారీదారు పాట్రిక్ డ్యుకుర్నో కటువైన తనా ద్రాక్ష వైన్‌లోకి సన్నటి ఆక్సిజన్ బుడగలు కొలిచి వదిలాడు. స్టీలు ట్యాంకుకూ పీపా గుణం కొంత అబ్బింది, ఓక్ వాసన తప్ప.

అర్బువా చుట్టుపక్కల మాత్రం ఒక వైన్‌కు ఈ జాగ్రత్తే తీసుకోరు. సవాన్యా అనే తెల్ల ద్రాక్షతో చేసే 'వాన్ జోన్'ను పీపాలో వదిలేస్తారు, తరిగిన చోటు నింపరు. ఖాళీ అయిన మేర వైన్ పైన ఈస్ట్ పలచని తెరలా కడుతుంది. అదే గాలిని వడకడుతూ, లోపల ఎసిటాల్డిహైడ్ పెంచుతూ, వైన్‌ను వెనిగర్ కాకుండా కాపాడుతుంది. ఆరేళ్లు దాటేసరికి అక్రోటు వాసనతో పాటు మెంతుల వాసన కూడా వస్తుంది. మెంతులకు ఆ వాసననిచ్చే సోటలాన్ అనే పదార్థమే ఇందులోనూ ఉంటుంది మరి. నాకు ఓక్ పరిమళం కన్నా ఇదే పెద్ద వింత. లీటరు వైన్ పోస్తే అన్నేళ్లకు మిగిలేది 620 మిల్లీలీటర్లని అక్కడివాళ్ల లెక్క. అందుకే ఆ వైన్ పోసే పొట్టి సీసా, క్లావెలాన్, సరిగ్గా ఆ కొలతకే ఉంటుంది.