అరవై అయిదు మీటర్ల లోతున

1991 ఆగస్టు 23. నార్వేలో స్టావంగర్ పక్కన గాండ్స్‌ఫియోర్డ్. మనం నిలబడింది నేల మీద కాదు, నీటిలో తేలుతున్న కాంక్రీటు మీద. కాళ్ల కింద 24 పెద్ద అరలు పక్కపక్కన ఒకే కట్టడంగా పోసి ఉన్నాయి. వాటిలో నాలుగు స్తంభాలై పైకి లేచాయి. ఉత్తర సముద్రంలో 82 మీటర్ల లోతున కూర్చుని, 57,000 టన్నుల డెక్కును మోయాల్సిన స్లైప్నర్-ఏ గ్యాస్ వేదికకు ఇది పునాది.

ముందు పునాదిని బాగా లోతుకు దించితేనే డెక్కు తేలుతూ వచ్చి స్తంభాల మీద కూర్చోగలదు. ఇవాళ ఆ దించే పరీక్ష. అరల్లోకి నీళ్లు ఎక్కిస్తున్నారు, కట్టడం నెమ్మదిగా మునుగుతోంది. ఈ తరహా వాటిలో ఇది పన్నెండోది. ఎవరి ముఖంలోనూ కంగారు లేదు.

మూడు గ్లాసులు ఒకదానికొకటి ఆనించి పెడితే మధ్యలో మూడు మూలల సందు మిగులుతుంది కదా, మన కాళ్ల కిందా అలాంటి సందులున్నాయి. వాటి పైకప్పు తెరిచే ఉంది కాబట్టి సముద్రం తిన్నగా అందులోకి దిగుతుంది. గోడకు అవతలి అరలో మాత్రం నీళ్లు పూర్తిగా నిండలేదు. 65 మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరు గోడను దాదాపు 65 టన్నుల నీటి బరువు నెడుతుంది. ఖాళీ బిందెను బావి అడుగుకు తొక్కిపట్టినట్టే. ఆ బరువంతా చివరికి చేరేది మూడు గోడలు కలిసే మూలకు.

65 మీటర్లు. అడుగున పెద్ద గడగడ. ఆ వెంటనే లోపల ఎక్కడో నీళ్లు ఉరుకుతున్న హోరు. పంపులన్నీ నడిపినా లాభం లేదు. వదిలి వెళ్లక తప్పదు. మనుషులందరూ ప్రాణాలతో బయటపడతారు. ఇరవై నిమిషాలైనా గడవకుండానే పునాది కనపడదు. దిగుతున్నకొద్దీ పెరిగే ఒత్తిడికి అరలు లోపలికి పగిలిపోతాయి. 220 మీటర్ల అడుగున మిగిలింది శిథిలాల కుప్ప. ఆ తాకిడిని భూకంప యంత్రాలు రిక్టర్ స్కేలు మీద 3.0గా నమోదు చేశాయి. నష్టం సుమారు 70 కోట్ల డాలర్లు.

ఇప్పుడు ఒడ్డు మీది డిజైన్ గదికి వెళ్దాం. తెర మీద అదే మూల, గళ్లుగళ్లుగా. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో గోడను చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో బలాలను లెక్కగట్టి, అన్నిటినీ కలిపి జవాబు రాబడతారు. వాడిన నాస్ట్రాన్ ప్రోగ్రాం తన పని తాను చేసింది. అడిగిన తీరులోనే లోపం. ఒత్తిడి వేగంగా మారే ఆ మూలలో గళ్లు పెద్దవి, పైగా వంకర. చుక్కలు ఎడంగా పెట్టి మెలికల ముగ్గు వేస్తే వంపు ఎక్కడ కుదురుతుంది? గోడను అడ్డంగా కోసే షియర్ బలం అసలుకన్నా 47 శాతం తక్కువగా తేలింది. ఆ అంకెను నమ్మే గోడ మందం, మూలలోని చువ్వల అమరిక నిర్ణయమయ్యాయి. చువ్వలు కావలసినంత దూరం వెళ్లలేదు. తర్వాత గళ్లను సన్నగా చేసి మళ్లీ లెక్క కడితే, గోడ 62 మీటర్ల దగ్గర పోతుందని వచ్చింది. అసలు పోయింది 65 దగ్గర. ఈ రెండంకెలు ఇంత దగ్గరగా ఉండటం చూస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది. నిజం ఆ లెక్కకు అందేదే. అందేంత సన్నగా అడిగినవాళ్లే లేరు.

పునాది మళ్లీ కట్టాలి. గ్యాస్ అమ్మకం ఆలస్యమైనకొద్దీ రోజూ నష్టం. కొత్త కంప్యూటర్ ఫలితాల కోసం ఆగకుండా ఇంజినీర్లు పెన్సిలు పట్టారు. స్లైడ్ రూల్ కాలంనాటి పద్ధతుల్లో గోడగోడకీ, మూలమూలకీ చేత్తో లెక్క వేశారు. కంప్యూటర్ ఫలితాలు వచ్చేసరికి డిజైన్ పూర్తయిపోయింది.

1993లో మళ్లీ నీళ్ల మీదే ఉన్నాం. కొత్త పునాది దిగుతోంది. అరవై. అరవై రెండు. అరవై అయిదు. కాళ్ల కింద చప్పుడు లేదు. అరవై ఆరు.