పట్టపగలు కొవ్వొత్తులు

1894. లండన్‌లో పిమ్లికో ప్రాంతం, 114 కేంబ్రిడ్జి స్ట్రీట్. బయట ఎండ కాస్తోంది. గదిలోకి అడుగుపెడితే చీకటి. కిటికీలకు పరదాలు లాగేసి ఉన్నాయి. కళ్ళు అలవాటుపడ్డాక గోడల నారింజ రంగు, తలుపుల నలుపు మెల్లగా తెలుస్తాయి. బల్ల మీద రెండు కొవ్వొత్తులు. వాటి ముందు వంగి కూర్చున్న బక్కపల్చని కుర్రాడు ఆబ్రీ బియర్డ్‌స్లీ. ఇంకా ఇరవై రెండు నిండలేదు.

దగ్గరికి రండి, కాగితం చూడండి. పెన్సిల్‌తో గీశాడు, రబ్బరుతో చెరిపాడు, మళ్ళీ గీశాడు, చాకుతో గీకాడు. కాగితం పైపొర లేచిపోయింది. ఆ గజిబిజిలో బొమ్మ ఎక్కడుందో మనకు అంతుపట్టదు. ఇప్పుడు బంగారు పాళీని నల్ల సిరాలో ముంచాడు. కింద ఉన్న పెన్సిల్ గీతల్ని చాలావరకు పట్టించుకోవడం లేదు. భుజం దగ్గర మొదలైన గీత నడుము దాటి, అంగీ అంచు దాకా ఎక్కడా తెగకుండా దిగింది. పక్కన కొంత మేర కటిక నలుపు నింపాడు. మిగతాదంతా తెల్లగా వదిలేశాడు. ఆ వదిలేయడంలోనే ఉంది అతని పనితనమంతా.

అంతలో దగ్గు తెర. పాళీ పక్కన పెట్టి రుమాలు అందుకున్నాడు.

ఈ క్షయ ఏడేళ్ళ వయసు నుంచీ ఉన్నదే. పుట్టింది సముద్రపు ఒడ్డున, బ్రైటన్‌లో, 1872 ఆగస్టు 21న. అక్కడి బడిలో మాస్టర్ల మీద వ్యంగ్య చిత్రాలు గీశాడు. లండన్‌లో బీమా కంపెనీ గుమాస్తాగా పగలు లెక్కలు రాసి, రాత్రిళ్ళు బొమ్మలు వేశాడు. ఈ కొవ్వొత్తులు అప్పటి అలవాటే కాబోలు. 1891 జులైలో ఒక ఆదివారం అక్క మేబెల్‌ని వెంటబెట్టుకుని పేరుమోసిన చిత్రకారుడు బర్న్-జోన్స్ ఇంటికి వెళ్ళాడు. ఈరోజు చూడనివ్వరన్నారు. వెనుదిరిగిన ఇద్దరినీ ఆ పెద్దాయనే పిలిపించి, బొమ్మలు తిరగేసి, నువ్వు చిత్రకారుడివే కావాలన్నాడు.

కాలమూ కలిసొచ్చింది. అంతకుముందు పుస్తకాల బొమ్మల్ని ఎక్కువగా చెక్క మీద మరొకరు చెక్కేవారు. ఆ చేతిలో గీత మారిపోయేది. అతని కాలానికి బొమ్మను ఫొటో తీసి, జింకు పలక మీదికి ఎక్కించి, యాసిడ్‌తో బ్లాకు చేయసాగారు. వెంట్రుకంత గీత కూడా అతను గీసినట్టే అచ్చుకెక్కింది. ఆర్థర్ రాజు కథకు మూడు వందలకు పైగా బొమ్మలు, ఆస్కార్ వైల్డ్ నాటకం ‘సలోమీ’, ‘యెల్లో బుక్’ పత్రిక. ఇరవై రెండేళ్ళు నిండకముందే లండనంతా అతని పేరే.

1895 ఏప్రిల్‌లో వైల్డ్ అరెస్టయ్యాడు. ‘యెల్లో బుక్’కి వైల్డ్ ఒక్క ముక్క రాయలేదు. అయినా ‘సలోమీ’ బొమ్మల వల్ల ఇద్దరి పేర్లూ ముడిపడ్డాయి. జనం ఆ పత్రిక ప్రచురణకర్త ఆఫీసు అద్దాలు పగలగొట్టారు, అక్కడ బియర్డ్‌స్లీ ఉద్యోగం ఊడింది. ఇంత అన్యాయం జరిగినా పాళీ ఆగలేదు. మరుసటి ఏడాదే ‘ది రేప్ ఆఫ్ ది లాక్’ కావ్యానికి చుక్క చుక్క పేర్చి లేసు అల్లినట్టు బొమ్మలు వేశాడు.

1898 మార్చి. ఫ్రాన్స్ దక్షిణ తీరాన మెంటన్‌లో ఒక హోటల్ గది. కిందటేడు కాథలిక్ మతం పుచ్చుకున్న ఆ కుర్రాడు 7వ తేదీన ప్రచురణకర్త స్మిథర్స్‌కు ఉత్తరం రాస్తున్నాడు: గ్రీకు నాటకం ‘లైసిస్ట్రాటా’కు వేసిన బొమ్మల్నీ, తను వేసిన అశ్లీల చిత్రాలన్నిటినీ నాశనం చెయ్యమని ప్రాధేయపడుతున్నాడు. 16న తల్లి, అక్క పక్కనుండగా కన్నుమూశాడు. ఇరవై అయిదేళ్ళు.

చివరి కోరికను తోసిపుచ్చడం నాకు మింగుడుపడదు. ఆ బొమ్మలు బూడిదైతే బాగుండునని అననూలేను. స్మిథర్స్ మాత్రం వాటిని దాచుకుని, నకళ్ళు తీసి అమ్ముకున్నాడు.