పాత స్పోర్ట్స్ కార్: ఫుల్ ట్యాంక్ కొట్టిస్తేనే పెట్రోల్ వాసన వస్తోందా? తుప్పు పైనుంచి మొదలైనట్టే!

ట్యాంక్ సగం ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. బంకులో ఫుల్ కొట్టించగానే డిక్కీలోంచి పెట్రోల్ వాసన మొదలవుతుంది. కాస్త తిరిగాక అదే తగ్గిపోతుంది. దీంతో ‘మూత సరిగ్గా పడలేదేమోలే’ అని చాలామంది వదిలేస్తుంటారు. కానీ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీలో ఈ వాసన వస్తే ముందుగా అనుమానించాల్సింది మూతను కాదు.. ట్యాంక్ పైభాగాన్ని!

ఇప్పుడు మన రోడ్లపై హెక్టర్ లాంటి కార్లతో కనిపిస్తున్న ఎంజీ బ్రాండ్‌కు ఒకప్పుడు పేరు తెచ్చిన కార్లలో ఎంజీబీ ఒకటి. ఇంగ్లాండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 వరకు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. బ్రిటన్, అమెరికాల్లో చాలామంది ఇప్పటికీ వీటిని ఇష్టంగా నడుపుతున్నారు. కొత్త ట్యాంకులు కూడా దొరుకుతున్నాయి. మార్చడం పెద్ద పనేం కాదు. కానీ తేడా వస్తే మంటలే. అందుకే ఏం చేయాలి, ఏం చేయకూడదో చూద్దాం.

తుప్పు పైనుంచే ఎందుకు?

ఎంజీబీలో రేకు ట్యాంక్ డిక్కీ ఫ్లోర్ కిందే వేలాడుతూ ఉంటుంది. ఫ్లోర్‌కీ, ట్యాంక్‌కీ మధ్య సన్నటి సందు. వెనక చక్రాలు ఎగజిమ్మే బురద, నీళ్లు అందులోకి చేరి అక్కడే ఉండిపోతాయి. పైగా బ్రిటన్‌లో చలికాలంలో మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లుతారు. తడి, ఉప్పు కలిసి రేకును పైనుంచి తినేస్తాయి. కింద పడుకుని చూస్తే ట్యాంక్ అడుగు బాగానే కనిపిస్తుంది. చిల్లులు మాత్రం కంటికి కనిపించని చోట ఉంటాయి. అందుకే పెట్రోల్ నిండా ఉన్నప్పుడే లీక్ బయటపడుతుంది.

లోపల కూడా తుప్పు పడితే ఇంకో సమస్య. ఆ పొడి ఫిల్టర్‌లో, పంపులో పేరుకుపోతుంది. కార్బ్యురేటర్ దాకా వెళ్తే అక్కడి సూది వాల్వ్ సరిగ్గా మూసుకోదు. పెట్రోల్ పొంగి వేడి ఇంజిన్ పక్కనే కారుతుంది.

వెల్డింగ్ జోలికి వెళ్లొద్దు

‘ఖాళీ ట్యాంకే కదా, చిన్న వెల్డింగ్ పెట్టిస్తే సరి’ అనుకోవడం అసలు ప్రమాదం. నిండు ట్యాంక్ కంటే ఖాళీ ట్యాంకే డేంజర్. మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. గాలిలో సుమారు ఒకటిన్నర శాతం ఆవిరి ఉన్నా నిప్పు రవ్వతో అంటుకుంటుంది. నీళ్లతో కడిగేసినా అతుకుల్లో, తుప్పు పొరల్లో పెట్రోల్ మిగిలే ఉంటుంది. పైన ఒక చిల్లు పడిందంటే చుట్టూ రేకు పలచబడే ఉంటుంది కాబట్టి అతుకు వేసినా ఎక్కువ కాలం నిలవదు. ఇలాంటప్పుడు కొత్త ట్యాంకే మేలు.

విప్పే ముందు ఇవి తప్పనిసరి

* వీలైనంత వరకు పెట్రోల్ అయిపోయాకే పని మొదలుపెట్టాలి. తొలి మోడళ్ల ట్యాంక్‌లో సుమారు 45 లీటర్లు, తర్వాతి వాటిలో సుమారు 54 లీటర్లు పడతాయి. బ్రిటన్‌లో అధికారులకు చెప్పకుండా ఇంట్లో 30 లీటర్లకు మించి పెట్రోల్ నిల్వ చేయకూడదు.
* పని ఆరుబయటే చేయాలి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. నేలమీద పాకుతూ వెళ్లి గుంతల్లో నిలుస్తుంది. సర్వీస్ గుంతపై కారు పెట్టి ఈ పని అస్సలు చేయొద్దు.
* బ్యాటరీ ఎర్త్ వైరు ముందు తీసేయాలి. 1967 వరకు వచ్చిన ఎంజీబీల్లో ప్లస్ వైపే ఎర్త్ ఉండేది. మైనస్ అనుకుని తప్పు వైరు విప్పితే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు రాలొచ్చు.
* వైరు లైట్లు వాడొద్దు. పొడి పౌడర్ లేదా ఫోమ్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేంత దూరంలో ఉండాలి.
* పెట్రోల్‌ను ప్లాస్టిక్ బకెట్లోకి వంపొద్దు. స్టాటిక్ కరెంట్‌తో అంటుకోవచ్చు. పెట్రోల్ కోసమే చేసిన క్యాన్‌లోనే పట్టాలి.

ట్యాంక్ ఇలా దింపాలి

కారు వెనక భాగాన్ని లేపి గట్టి స్టాండ్లపై నిలబెట్టాలి. జాక్ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరకూడదు. పెట్రోల్ పోసే గొట్టం, పంపుకు వెళ్లే పైపు, గేజ్ వైర్లు విప్పాలి. అమెరికాకు వెళ్లిన తర్వాతి మోడళ్లలో ఆవిరి పైపు కూడా ఉంటుంది.

తొలి కార్లలో ట్యాంక్‌ను పట్టీలతో కట్టేవారు. 1965 నుంచి అంచుల చుట్టూ బోల్టులతో బిగించడం మొదలైంది. కాబట్టి కొత్తది కొనేముందే తమది ఏ రకమో చూసుకోవాలి. ఒకదాని బదులు మరొకటి నేరుగా కూర్చోదు. బోల్టులు తుప్పుతో పట్టేసి ఉంటే ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచాలి. మంటతో వేడి చేయడం, గ్రైండర్ పెట్టడం నిషిద్ధం. చివరి బోల్టులు తీసేటప్పుడు కింద చెక్క పెట్టి జాక్‌తో ట్యాంక్‌ను ఆపాలి. ఖాళీ అనుకున్నా అడుగున కొన్ని లీటర్లు ఉండే అవకాశం ఉంది.

గేజ్ యూనిట్ ట్యాంక్ పక్క భాగంలో రింగ్‌తో లాక్ అయి ఉంటుంది. దాన్ని తిప్పడానికి ఇత్తడి లేదా చెక్క ముక్క వాడాలి. ఇనుముతో ఇనుమును కొడితే రవ్వలొస్తాయి.

కొత్తది బిగించేటప్పుడు చేసే పొరపాటు

చాలామంది కొత్త ట్యాంక్‌ను డబ్బాలోంచి తీసి అలాగే ఎక్కించేస్తారు. పాతది ఎక్కడ పాడైందో ఇదీ అక్కడే పాడవుతుంది. బిగించాక పైభాగానికి చెయ్యి అందదు. అందుకే ముందే పైన ప్రైమర్, రెండు మూడు కోట్ల పెయింట్ వేసి పూర్తిగా ఆరనివ్వాలి. డిక్కీ ఫ్లోర్ అడుగునూ శుభ్రం చేసి పెయింట్ వేయాలి. మధ్యలో నీళ్లు పీల్చే స్పాంజ్ పెట్టకూడదు.

పెయింట్‌తో మరో చిక్కుంది. గేజ్ ఎర్త్ సరిగ్గా తగలకపోతే ట్యాంక్ నిండా ఉన్నా ముల్లు తప్పు చూపిస్తుంది. ఎర్త్ వైరు తగిలే చోట రేకు శుభ్రంగా ఉండాలి. గేజ్ యూనిట్‌కు కొత్త సీల్, కొత్త ఫిల్టర్ వేయాలి.

రబ్బరు పైపులూ మార్చాల్సిందే. బ్రిటన్‌లో 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోల్ అంటే 10 శాతం ఇథనాల్ ఉన్న ఈ10. మన దేశంలో అయితే ఈ20 వచ్చేసింది. పాతకాలం రబ్బరును ఇథనాల్ గట్టిపరిచి పగుళ్లు తెస్తుంది. పైగా అది నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి షెడ్‌లో ఉండే పాత బండికి ఇది మంచిది కాదు. ఇథనాల్‌ను తట్టుకునే పైపులే కొనాలి.

చివరి పరీక్ష ఇదే

ముందు 5 లీటర్లు పోసి అడుగున తడి ఉందేమో చూడాలి. బ్యాటరీ కలిపి తాళం తిప్పితే ఎలక్ట్రిక్ పంపు టకటకమని కొట్టుకుని కాసేపటికి ఆగాలి. ఇంజిన్ ఆపి ఉన్నా ఆగకుండా కొట్టుకుంటోందంటే ఎక్కడో లీక్ ఉండొచ్చు. అంతా బాగుందని అక్కడితో సరిపెట్టుకోవద్దు. పక్కనున్న గేజ్ సీల్, పై అతుకులు బాగున్నాయో లేదో తెలిసేది ట్యాంక్ నిండినప్పుడే. ఒకసారి ఫుల్ కొట్టించి, ఆరుబయట ఉంచి, మర్నాడు డిక్కీ తెరిచి చూడాలి. వాసన లేదంటేనే పని పూర్తయినట్టు!