కొల్లూరు విడిది

భద్రాచల రామదర్శనమునకు పోయినవారిలో చాలమంది సీతవాగు ప్రక్కనున్న పర్ణశాలను చూచియుందురు. వనవాసకాలమున సీతారాములు ఆకులపాకలో విడిసిన చోటు అదియేయని అచ్చటివారి నమ్మిక. కొండవాగు, వెదురుపాక, చుట్టును అడవి: ఈ మూడును కూడిన విడిది యొకటి మన కాలమునందును కొన్నియేండ్లు నడచినది. అది పాపికొండలలోని కొల్లూరు. దాని కథ చెప్పుదును.

భద్రాచలమునకు దిగువ కూనవరమువద్ద గోదావరి శబరిని కలుపుకొని, మరికొంతదూరము పోయి కొండల నడుమ దూరును. అంతవరకు ఇసుకతిన్నెలతో విశాలముగా పారిన నది అచ్చట ఇరుకై, లోతై, చప్పుడులేక పోవును. పాపిటవలె చీలిన కొండలగుటచే ఆ పేరు వచ్చెనందురు. ఇంగ్లీషు గ్రంథములలో అవి అడవిదున్నల కొండలు.

1860లో నైజాము ప్రభువు ఎడమగట్టు సీమను ఇంగ్లీషువారికి వదలుకొనెను. అది మొదట మధ్యపరగణాలలో నుండి, 1874లో మదరాసు రాజధానియందలి గోదావరి జిల్లాలో చేరెను. కుడిగట్టు నైజాముదే. కావున ఈ యొడ్డున గంజి కాచుకొను పడవవాడొక ప్రభుత్వములోను, ఆ యొడ్డున నిప్పు రాజేసిన తెప్పవాడు మరియొక ప్రభుత్వములోను రాత్రి గడపుచుండిరి. ఈ నదిమీదుగా మధ్యపరగణాల సరకు సముద్రమునకు దింపవలెనని ఆర్థర్ కాటన్ తలచెను. దుమ్ముగూడెమువద్ద ఆనకట్టయు కాలువయు కట్టిరి గాని, 1871లో ఆ యత్నము విడిచిపెట్టిరి. తెప్పలు మాత్రము సాగినవి.

ఆ కొండల యజమానులు కొండరెడ్లు. పోడు కొట్టి జొన్న, సామ చల్లి, జీలుగుకల్లు త్రాగి, కరవుదినములలో మామిడిటెంకల జీడితో కడుపు నింపుకొనువారు. హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా పండితుడు 1940వ దశాబ్దపు తొలినాళ్లలో వీరి నడుమ విడిసెను. యుద్ధకాలమున శత్రుదేశస్థుడని ఆయనను హైదరాబాదు రాజ్యము దాటనీయలేదు. మనకు అదియే మేలైనది. 1945లో వెలువడిన ఆయన గ్రంథమున, వెదురు కొట్టించు వర్తకుల అప్పులలో కొండరెడ్లు చిక్కిన విధము దాపరికము లేక వ్రాయబడియున్నది.

సుమారు పదునైదేండ్ల క్రిందట, శీతకాలమున, తోడి ఉపాధ్యాయులతో నేను కొల్లూరునకు పోయితిని. పోచవరము రేవున పడవ యెక్కితిమి. కొండదిగి వచ్చు సెలయేటి ప్రక్కను వెదురుపాకలు వేసియుండిరి. వరదలకు పోవుటయు, నీరు తీసిన పిమ్మట మరల కట్టుటయు వానికి మామూలే. తోడివారు వెదురుబొంగులో కాల్చిన కోడికూరకై పోటీపడిరి. నాకు పప్పన్నమే గతి. రాత్రి చలికి నిదుర పట్టక నెగడివద్దకు పోగా, కాపలా యున్న కొండరెడ్డి వృద్ధుడు నాకొక దుంగ జరిపెను. మాటలలో అతడు గట్టుమీది యొక చెట్టును చూపి, ఎనుబదియారు వరద అంతవరకు వచ్చెననెను. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకు ఎక్కిన వరద అది. పిమ్మట అడిగెను:

"పంతులుగారూ, మీరు పేపర్లు చదివేటోరు. పోలవరం కడితే నీళ్లు ఆ చెట్టుకు పైన నిలుస్తయా, కింద నిలుస్తయా? వరదైతే నాలుగు రోజుల్లో పోద్ది. అది పోదంట గదా?"

ఆ కట్టడమునకు నిండుమట్టము సముద్రమట్టమునకు 150 అడుగులని నాకు తెలియును. ఆ చెట్టు మొదలు ఎన్ని యడుగులపై నున్నదో తెలియదు. విచారించి జాబు వ్రాసెదనంటిని. అతనికి చదువు రాదు. పల్లెలో చదువుకొన్న మనుమడు గలడని సంతోషించెను.

తరువాత సంగతులు మీరెరుగుదురు. 1959లో తూర్పుగోదావరినుండి ఖమ్మమునకు వచ్చిన ఆ సీమలో ముంపు మండలములు 2014లో ఆంధ్రప్రదేశమున చేరినవి. భద్రాచలపు పట్టణము మాత్రము తెలంగాణములో మిగిలినది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరువద్ద విహారపడవ మునిగి పెక్కుమంది మృతినొందిరి. పడవలు చాలకాలము నిలిచినవి. 2022 జూలైలో భద్రాచలమువద్ద నీరు 71.3 అడుగులకు వచ్చెను. ఆ తీరపు పల్లెలు ముంపులెక్కలో చేరినవి.

వృద్ధునికి జాబు వ్రాయలేదు. ఒకసారి ఉత్తరపుకాగితము తీసికొని, పై భాగమున కొల్లూరు అని వ్రాసి, క్రింద ఏమి వ్రాయవలెనో తోచక మడిచి పుస్తకములో పెట్టితిని. అది ఇప్పటికిని అందే యున్నది.